12 ఏళ్ళకే దింపేసి ఉంటే? కెన్నెత్ హాన్ 40 ఏళ్ళ కౌంటీ పదవి గురించి

లాస్ ఏంజెలెస్ కౌంటీలో సూపర్వైజర్ గా, అంటే కౌంటీని నడపడానికి జనం ఎన్నుకునే మనిషిగా, ఎవరూ మూడు టర్ములు మించి ఉండకూడదు, అంటే 12 ఏళ్ళు. 2002లో మెజర్ బి అని బ్యాలెట్ మీద పెడితే ఓటర్లు ఒప్పుకున్న రూల్ ఇది. మా తెలుగు ఫ్రెండ్స్ లో ఎప్పుడు ఈ మాట వచ్చినా అందరూ ఒకటే అంటారు, చాలా మంచి రూల్ అండీ, మన దగ్గర కూడా పెట్టాలి, ఒక్కడే ముప్పై ఏళ్ళు అదే సీటు పట్టుకుని కూర్చుంటే కొత్తవాళ్ళకి ఛాన్స్ ఎప్పుడు, ఊరు బాగుపడేదెప్పుడు అని. నేను ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో చెప్పాలంటే ఒక మనిషి కెరీర్ మొత్తం చెప్పాలి, అందుకే ఇంత పొడుగు పోస్ట్.

ఆయన పేరు కెన్నెత్ హాన్. 1952లో 32 ఏళ్ళ వయసులో సూపర్వైజర్ గా గెలిచాడు, 1992 డిసెంబర్ లో దిగాడు. పది టర్ములు, ఒకటే డిస్ట్రిక్ట్, సెకండ్ డిస్ట్రిక్ట్ (ఇక్కడ డిస్ట్రిక్ట్ అంటే జిల్లా కాదు, ఒక సూపర్వైజర్ నియోజకవర్గం). ఇప్పటి రూల్ అప్పుడే ఉండుంటే 1964 చివర్లో ఇంటికి వెళ్ళిపోయేవాడు. ఈ 1964 అన్న సంవత్సరం కొంచెం గుర్తుపెట్టుకోండి.

ముందు కౌంటీ అంటే ఏంటో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మనవాళ్ళకి అమెరికా రాజకీయాలు అంటే ప్రెసిడెంటు, హెచ్1బి, గ్రీన్ కార్డు క్యూ. కౌంటీ అంటే ప్రాపర్టీ టాక్స్ బిల్లు మీద కనిపించే పేరు, అంతే. కానీ ఇక్కడ కోటి మందికి దగ్గరగా జనం ఉన్నారు, లోపల 88 సిటీలు ఉన్నాయి, ఏ సిటీలోనూ లేని ఏరియాల్లోనే పది లక్షల మంది దాకా ఉంటారు. పేదవాళ్ళకి వైద్యం చేసే పెద్దాసుపత్రులు కౌంటీవి, జైళ్ళు కౌంటీవి, షెరిఫ్ (కౌంటీ పోలీసు) బడ్జెట్, వెల్ఫేర్, ఇంట్లో దెబ్బలు తినే పిల్లల్ని తీసుకెళ్ళి కాపాడే శాఖ, ఎన్నికలు నిర్వహించే ఆఫీసు, ఆఖరికి మార్చురీ కూడా కౌంటీదే. దీనంతటికీ పైన ఐదుగురు సూపర్వైజర్లు. వాళ్ళే చట్టం చేస్తారు, వాళ్ళే అమలు చేయిస్తారు, పైన ఇంకో మేయరో ముఖ్యమంత్రో ఎవరూ లేరు. ఒక్కొక్కరి కింద 20 లక్షల మంది, అంటే మన దగ్గర ఒక ఎంపీ సీటుకి ఉన్నంత జనం. ఐదుగురు చిన్న రాజులు అని వాళ్ళకి ఎప్పటినుంచో పేరు.

మన జిల్లా పరిషత్తుతో పోల్చుకోవచ్చా అంటే కాగితం మీద పోల్చుకోవచ్చు. నేను చదివింది జెడ్పీ హైస్కూల్లోనే, గోడ మీద ఆ రెండక్షరాలు రోజూ చూసేవాణ్ణి గానీ జెడ్పీ చైర్మన్ ఎవరో స్కూల్లో సార్లకి తప్ప ఎవరికీ తెలిసేది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లో పంచాయతీరాజ్ మొదలైంది 1959లో, షాద్ నగర్ లో. ఎన్టీఆర్ మండలాలు తెచ్చాక 1987లో జెడ్పీ చైర్మన్ని జనమే డైరెక్టుగా ఓటేసి ఎన్నుకున్నారు, ఒక జిల్లా మొత్తం ఒక మనిషికి ఓటెయ్యడం అంటే చిన్న విషయమా! తర్వాత 1994 చట్టంతో అది పోయింది, ఇప్పుడు జెడ్పీటీసీలు కలిసి ఎన్నుకుంటారు, నిధులు కలెక్టర్ వైపు, మాట ఎమ్మెల్యే వైపు. జిల్లా స్థాయిలో ఎన్నికైన మనిషికి అధికారం, టైమూ రెండూ ఇస్తే ఏం జరుగుతుందో మనం పూర్తిగా చూడలేదు. అది చూడాలంటే నాకు హాన్ కంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

తండ్రి లేని ఇల్లు, తల్లి ఒక్కతే ఏడుగురు మగపిల్లల్ని పెంచింది, అందరికంటే చిన్నవాడు ఈయన. పెప్పర్డైన్ లో చదివాడు, యుద్ధంలో నేవీలో పనిచేశాడు, 1947లో 26 ఏళ్ళకే సిటీ కౌన్సిల్ కి గెలిచాడు. ఐదేళ్ళ తర్వాత కౌంటీకి వచ్చాడు. మధ్యలో 1970లో అమెరికా సెనేట్ కి ట్రై చేసి ప్రైమరీలోనే, అంటే అసలు ఎన్నికకి ముందు జరిగే ఓటింగులోనే ఓడిపోయాడు, మళ్ళీ వచ్చి అదే కుర్చీలో అదే పని చేసుకున్నాడు.

వచ్చిన కొన్ని నెలలకే ఒక పని మొదలుపెట్టాడు, నాకు ఆయన మీద గౌరవం మొదలైంది అక్కడే. అప్పట్లో లాస్ ఏంజెలెస్ లో స్మాగ్, అంటే ఊరి మీద కమ్ముకునే కాలుష్యపు పొగ, ఎలా ఉండేదంటే కళ్ళు మండి నీళ్ళు కారేవి, కొన్ని రోజులు వీధి చివర బిల్డింగ్ కనిపించేది కాదు. కాల్టెక్ లో హాగెన్ స్మిట్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ 1950ల మొదట్లో తేల్చి చెప్పాడు, ఇది ఫ్యాక్టరీ పొగ ఒక్కటే కాదు, కార్ల నుంచి వచ్చే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండ తగిలి ఓజోన్ గా మారుతున్నాయి అని. హాన్ 1953లో కార్ల కంపెనీలుండే డెట్రాయిట్ కి ఉత్తరం రాశాడు. మీ కార్ల పొగ గురించి మీరు ఏం రీసెర్చ్ చేస్తున్నారు, దాన్ని తగ్గించే పరికరం ఎప్పుడు పెడతారు అని. ఫోర్డ్ నుంచి జవాబు వచ్చింది. ఇంజన్లు గ్యాసులు వదుల్తాయని మాకు తెలుసు గానీ అవి గాల్లో త్వరగా కలిసిపోతాయి, వాటివల్ల కాలుష్య సమస్య ఏమీ రాదు అని దాని సారాంశం.

మామూలు రాజకీయ నాయకుడైతే ఆ ఉత్తరం పేపర్ వాళ్ళకి చూపించి ఒక ఫోటో దిగి వదిలేసేవాడు. ఈయన మళ్ళీ రాశాడు. ఫోర్డ్ కి, జనరల్ మోటార్స్ కి, క్రైస్లర్ కి. జవాబు వస్తే దానికి జవాబు, రాకపోతే గుర్తుచేస్తూ ఇంకోటి. ఏళ్ళ తరబడి. కంపెనీ ప్రెసిడెంట్లు మారారు, ఈయన మారలేదు. స్టడీ చేస్తున్నాం అని ఒకసారి, త్వరలోనే అని ఇంకోసారి, ఫలానా మోడల్ ఇయర్ కి అని మరోసారి వాళ్ళు చెప్పిన ప్రతి మాటా ఫైల్లో చేరింది, ఆ ఉత్తరాలన్నీ కలిపి కౌంటీ పుస్తకంగా వేసింది. 1969 జనవరిలో ఫెడరల్ ప్రభుత్వం కార్ల కంపెనీల మీద కేసు పెట్టింది, వీళ్ళంతా కూడబలుక్కుని పొగ తగ్గించే టెక్నాలజీని కావాలనే ఆలస్యం చేశారు అని. అదే ఏడాది విచారణ లేకుండా రాజీతో కేసు ముగించేశారు. ఇలా ముగించొద్దు, సాక్ష్యాలు జనం ముందు పెట్టండి అని అడ్డం పడ్డవాళ్ళలో హాన్ ఉన్నాడు. ఆయన మాట నెగ్గలేదు. కానీ ఈరోజు కూడా కార్ల కంపెనీలకి ఏం తెలుసు, ఎప్పుడు తెలుసు అని ఎవరైనా రాయాలంటే ముందు వెతికేది ఆ ఉత్తరాలనే.

అందరూ అనే మాట ఒకటుంది, ఎక్కువ కాలం ఉంటే మనిషి బద్ధకిస్తాడు అని. ఉత్తరాల విషయంలో ఎక్కువ కాలం ఉండటమే ఆయుధం అయింది. నాలుగేళ్ళలో వెళ్ళిపోయే మనిషికి ఏ కంపెనీ అయినా వచ్చే ఏడాది చెప్తాం సార్ అనగలదు. వచ్చే ఏడాది కూడా ఇక్కడే ఉంటాను అనే మనిషితో ఆ మాట చెల్లదు.

ఇప్పుడు 1964 దగ్గరికి వద్దాం. రూల్ ఉండుంటే ఆ డిసెంబర్ లో ఆయన దిగిపోయేవాడు. 1965 ఆగస్టులో వాట్స్ తగలబడింది. ఆరు రోజులు, 34 మంది చనిపోయారు, వెయ్యి మందికి పైగా గాయపడ్డారు, దాదాపు నాలుగు వేల మందిని అరెస్టు చేశారు. వాట్స్ ఆయన డిస్ట్రిక్టే. నల్లజాతి వాళ్ళు ఎక్కువగా ఉండే ఏరియా, ఆయన తెల్లవాడు. 1961లో మార్టిన్ లూథర్ కింగ్ ఈ ఊరొస్తే మిగతా నాయకులు దూరం దూరంగా ఉన్న రోజుల్లో వెళ్ళి స్వాగతం చెప్పిన మనిషి కాబట్టి ఆ జనం ఆయన్ని తమవాడిలాగే చూసేవాళ్ళు. అల్లర్ల మీద గవర్నర్ వేసిన మకోన్ కమిషన్ చెప్పిన కారణాల్లో వైద్యం లేకపోవడం ఒకటి. అక్కడ నుంచి పెద్ద కౌంటీ ఆసుపత్రికి వెళ్ళాలంటే మైళ్ళ దూరం, బస్సులు మారాలి, జ్వరంతో ఉన్న పిల్లాడిని చంకనేసుకుని.

హాన్ అక్కడ ఆసుపత్రి కట్టించాలని పట్టుబట్టాడు. 1966లో దానికి అప్పు తెచ్చే బాండ్లకి ఓటు పెడితే మెజారిటీ వచ్చింది గానీ కావాల్సిన మూడింట రెండొంతులు రాలేదు, ఓడిపోయింది. చాలామంది అక్కడితో జనం ఒప్పుకోలేదు, మేమేం చేస్తాం అని చేతులు దులుపుకునేవాళ్ళు. ఆయన బోర్డులో ఇంకో దారిలో డబ్బు వెతికించాడు, 1972లో మార్టిన్ లూథర్ కింగ్ పేరు మీద ఆసుపత్రి తెరిచారు. వాట్స్ మంటలకి, ఆసుపత్రి తలుపులకి మధ్య ఆరున్నర ఏళ్ళు. ఒక టర్ము నాలుగేళ్ళు.

అంబులెన్సు కథ నాకు ఇంకా దగ్గరిది. 1960ల దాకా ఇక్కడ అంబులెన్సు అంటే పడుకోబెట్టి తీసుకెళ్ళే బండి, అంతే. గుండెపోటు వచ్చినవాడికి దారిలో ఏ వైద్యమూ ఉండదు, ఆసుపత్రికి చేరితే అదృష్టం. ఉత్తర ఐర్లండ్ లో బెల్ఫాస్ట్ అనే ఊళ్ళో పాంట్రిడ్జ్ అనే డాక్టరు గుండెకి షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ని బండిలో పెట్టుకుని పేషెంట్ దగ్గరికే వెళ్ళడం మొదలుపెట్టాడు. ఇక్కడ వాల్టర్ గ్రాఫ్ అనే హార్ట్ డాక్టరు ఆ ఐడియా పట్టుకున్నాడు, హార్బర్ జనరల్ ఆసుపత్రిలో మైఖేల్ క్రైలీ అనే డాక్టరు 1969లో ఫైర్ డిపార్ట్మెంట్ వాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చాడు. చిక్కు ఎక్కడొచ్చిందంటే చట్టం ఒప్పుకోదు. డాక్టరో నర్సో కాని మనిషి ఇంజెక్షన్ ఇవ్వకూడదు, షాక్ ఇవ్వకూడదు, అందుకని మొదట్లో ఫైర్ వాళ్ళతో పాటు నర్సు కూడా బండెక్కాల్సి వచ్చేది. హాన్ రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలో ఆ చట్టం మార్పించడానికి తిరిగాడు, డాక్టర్ల సంఘాల్లో, నర్సుల సంఘాల్లో అభ్యంతరం చెప్పిన వాళ్ళున్నారు, చివరికి వెడ్వర్త్ టౌన్సెండ్ చట్టం అని పాసైంది, 1970లో అప్పటి గవర్నర్ రోనాల్డ్ రీగన్ సంతకం పెట్టాడు. హాన్ డెమొక్రాట్, రీగన్ రిపబ్లికన్, అయినా పని జరిగింది. అమెరికాలో పారామెడిక్ అనే, బండిలోనే వైద్యం చేసే ఉద్యోగానికి చట్టం ఇచ్చిన మొదటి రాష్ట్రాల్లో కాలిఫోర్నియా ఒకటి అవ్వడానికి వెనక ఒక కౌంటీ సూపర్వైజర్ ఉన్నాడు.

మా మామగారు ఇండియా నుంచి వచ్చి మా దగ్గర ఉన్నప్పుడు ఒక రాత్రి ఛాతీలో నొప్పి అన్నారు. 911కి ఫోన్ చేస్తే ఫైర్ ఇంజన్ వచ్చింది, మా అత్తగారు ఇంట్లో మంటల్లేవు కదా అబ్బాయ్, ఇదెందుకు వచ్చింది అని కంగారుపడ్డారు. దిగిన ఇద్దరు కుర్రాళ్ళు హాల్లోనే వైర్లు పెట్టి ఈసీజీ తీసి, అక్కడి నుంచే ఆసుపత్రికి సమాచారం పంపి, సెలైన్ పెట్టి తీసుకెళ్ళారు. ఆయన బాగున్నారు, ఇప్పుడు విజయవాడలో మనవలతో ఉన్నారు. ఫైర్ వాళ్ళే వైద్యం ఎందుకు చేస్తున్నారు అని ఆ తర్వాత చదవడం మొదలుపెడితేనే హాన్ పేరు నాకు మొదటిసారి కనిపించింది. మన దగ్గర 2005 ఆగస్టు 15న 108 మొదలైనప్పుడు జనం ఎంత సంబరపడ్డారో మనందరికీ తెలుసు, ఫోన్ చేస్తే బండి వస్తుందట, బండిలోనే వైద్యం చేస్తారట అని. ఆ నమ్మకం ఇక్కడ జనానికి 1970ల్లో వచ్చింది.

ఫ్రీవేల పక్కన కాల్ బాక్సులు పెట్టించింది కూడా ఆయనే, సెల్ ఫోన్లు లేని రోజుల్లో రాత్రిపూట కారు ఆగిపోయిన ఆడవాళ్ళకి అదొక్కటే దిక్కు. బాల్డ్విన్ హిల్స్ లో 1963లో డ్యామ్ తెగి ఐదుగురు చనిపోతే, ఆ చోట తర్వాత పెద్ద పార్కు తెప్పించాడు, ఇప్పుడది ఆయన పేరు మీదే ఉంది.

బస్సుల సంగతి మాత్రం కొంచెం ఆగి చెప్తా. రైలు కోసం, బస్సుల కోసం సేల్స్ టాక్స్ వెయ్యాలని ఇక్కడ 1968లో ఓటు పెట్టారు, ఓడిపోయింది. 1974లో మళ్ళీ ఓడిపోయింది, 1976లో మళ్ళీ. హాన్ 1980లో ప్రపొజిషన్ ఏ పేరుతో అర సెంటు టాక్స్ పెట్టించాడు. ఆయన వేసిన ఎత్తు ఏంటంటే, రైలు ఎప్పుడో పదేళ్ళకి వస్తుంది, జనానికి ముందు ఏదో ఒకటి చేతిలో పెట్టాలి, అందుకని మొదటి మూడేళ్ళు బస్సు టికెట్ 50 సెంట్లే అని అందులోనే రాసేశాడు. 54 శాతంతో గెలిచింది. మూడింట రెండొంతులు రాలేదు కాబట్టి చెల్లదని కోర్టుకెళ్ళారు, 1982లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు చెల్లుతుందని చెప్పింది. టికెట్ 85 సెంట్ల నుంచి 50కి పడింది, బస్సులు కిక్కిరిసిపోయాయి. 1990 జులైలో డౌన్టౌన్ నుంచి లాంగ్ బీచ్ కి బ్లూ లైన్ రైలు మొదలైంది, వాట్స్ మీదుగానే వెళ్తుంది. అప్పటికి ఆయనకి 1987లో పక్షవాతం వచ్చి వీల్ చైర్ లో ఉన్నాడు.

ఇంతవరకు చదివి నువ్వు మంచే చెప్తున్నావ్ అని అంటారు, అనాలి కూడా. చెడు కూడా ఉంది, చిన్నది కాదు. డాడ్జర్స్ బేస్ బాల్ టీమ్ ని బ్రూక్లిన్ నుంచి ఇక్కడికి తేవడానికి తిరిగినవాళ్ళలో హాన్ ముఖ్యుడు, ఆ టీమ్ స్టేడియం కట్టింది చావెజ్ రవీన్ లో, అక్కడుండే మెక్సికన్ అమెరికన్ కుటుంబాల్ని అంతకుముందు హౌసింగ్ ప్రాజెక్టు పేరు చెప్పి ఖాళీ చేయించారు, ఆ ఇళ్ళు రాలేదు, 1959లో చివరి కుటుంబాల్ని షెరిఫ్ మనుషులు ఇంట్లోంచి ఎత్తుకొచ్చి బయట పడేశారు. కింగ్ ఆసుపత్రి కూడా తర్వాత తర్వాత దారుణంగా తయారైంది, తప్పుడు వైద్యం, పర్యవేక్షణ లేకపోవడం, చివరికి ఫెడరల్ ఇన్స్పెక్షన్ లో ఫెయిలై 2007లో మూతపడింది, 2015లో వేరే మేనేజ్మెంట్ తో మళ్ళీ తెరిచారు. కట్టించడానికి చూపించిన పట్టు, అది ఎలా నడుస్తోందో చూడటంలో బోర్డు చూపించలేదు, అందులో హాన్ ఉన్న ఏళ్ళు కూడా ఉన్నాయి.

అన్నిటికంటే పెద్దది డిస్ట్రిక్టుల గీతల కేసు. 1981లో సూపర్వైజర్లు తమ డిస్ట్రిక్టుల హద్దులు తామే గీసుకున్నారు, లాటినో ఓటర్లని, అంటే లాటిన్ అమెరికా మూలాలున్న వాళ్ళని, ముక్కలు ముక్కలుగా పంచేశారు. గార్జా కేసులో 1990లో ఫెడరల్ జడ్జి తేల్చాడు, వీళ్ళు తమ సీట్లు కాపాడుకోవడానికి తెలిసే ఇలా చేశారు అని. ఆ బోర్డులో హాన్ కూడా ఉన్నాడు. కొత్త గీతలతో 1991లో గ్లోరియా మోలినా గెలిచింది, ఆ బోర్డుకి వందేళ్ళకి పైగా తర్వాత వచ్చిన మొదటి లాటినో సభ్యురాలు ఆమె. హాన్ సీటు విషయానికొస్తే, అంత నల్లజాతి జనం ఉన్న డిస్ట్రిక్టుకి నల్లజాతి మనిషి, ఇవాన్ బ్రాత్వెయిట్ బర్క్, గెలిచింది 1992లో, ఆయన దిగాకే. టర్మ్ లిమిట్ కావాలనే నా ఫ్రెండ్స్ దగ్గరున్న గట్టి పాయింట్ ఇదే, దీన్ని నేను తీసిపారెయ్యను.

కానీ జాగ్రత్తగా చూడండి, ఆ కేసులో తప్పు ఎక్కడుంది? పరీక్ష రాసేవాడే పేపర్ దిద్దుకున్నట్టు, గీతలు వాళ్ళే గీసుకోవడంలో ఉంది. దాన్ని కోర్టు ఒకసారి సరిచేసింది, తర్వాత రాష్ట్ర చట్టం వచ్చి 2021 నుంచి ఇక్కడ గీతలు గీసేది పౌరుల కమిషన్, సూపర్వైజర్లకి అందులో చెయ్యి లేదు. అసలు జబ్బుకి మందు అది. ఓటరు దించాలనుకుంటే దించగలడు కూడా, 1980లో ఒకే ఎన్నికలో సిట్టింగ్ సూపర్వైజర్లు ఇద్దరు ఓడిపోయారు, అందులో ఒకరు ఇందాక చెప్పిన బర్కే, అప్పుడు వేరే డిస్ట్రిక్టుకి నామినేట్ అయి ఉంది. ఆ తర్వాత సిట్టింగ్ వాళ్ళు ఓడటం దాదాపు ఆగిపోయిందంటే దానికి డబ్బు కారణం, గీతలు కారణం, జనం ఆ రేసు వైపు చూడకపోవడం కారణం. వీటిని వదిలేసి మంచివాడినీ చెడ్డవాడినీ ఒకే రోజు ఇంటికి పంపే రూల్ పెట్టుకున్నాం.

ఆ రూల్ వల్ల అవినీతి పోయిందా? హాన్ కూర్చున్న అదే సెకండ్ డిస్ట్రిక్ట్ సీట్లో 2008 నుంచి 2020 దాకా ఉన్న మార్క్ రిడ్లీ థామస్ ని 2023లో ఫెడరల్ జ్యూరీ లంచం, కుట్ర నేరాల్లో దోషిగా తేల్చింది, ఆరోపణలన్నీ ఆయన సూపర్వైజర్ గా ఉన్నప్పటివే, అదీ మూడో టర్ము నాటివి. 12 ఏళ్ళ లిమిట్ ఉన్న మనిషే ఆయన. ఈ రూల్ వల్ల నాకు ఖచ్చితంగా కనిపించే మార్పు ఒకటే, పదేళ్ళు నిండేసరికి ప్రతి ఒక్కరూ తర్వాత ఏ సీటు అని చూసుకోవడం మొదలుపెడతారు, పెద్ద ఆఫీసర్లకీ, షెరిఫ్ యూనియన్ కీ, కాంట్రాక్టర్లకీ ఆ విషయం తెలుసు, వాళ్ళకి టర్మ్ లిమిట్ లేదు.

ఈ పదవిలో ఏముందో లోపల చూసినవాళ్ళకి బాగా తెలుసు. హిల్డా సొలీస్ ఒబామా కేబినెట్ లో లేబర్ మంత్రిగా చేసి వచ్చి 2014లో సూపర్వైజర్ అయింది. హాన్ కూతురు జానిస్ హాన్ వాషింగ్టన్ లో కాంగ్రెస్ సీటు వదులుకుని 2016లో తండ్రి కూర్చున్న బోర్డుకి పోటీ చేసి గెలిచింది. కొడుకు జేమ్స్ హాన్ లాస్ ఏంజెలెస్ మేయర్ గా ఒక టర్ము చేశాడు, అది కూడా పెద్ద పదవే గానీ తండ్రి చేసినన్ని పనులు ఎవరూ ఆయన పేరు మీద చెప్పరు.

ఇప్పుడిదంతా ఎందుకు రాస్తున్నానంటే 2024 నవంబర్ లో మెజర్ జి పాసైంది. ఐదు సీట్లు తొమ్మిది అవుతాయి, 2032 నాటికి. 2028లో కౌంటీ మొత్తానికి ఒక ఎగ్జిక్యూటివ్ ని జనమే ఎన్నుకుంటారు. కోటి మందికి ఒకే ఎన్నికైన అధిపతి, ఆ కుర్చీకి లిమిట్ ఉండాలి అంటే నేనే ముందు ఓటేస్తా, ఎందుకంటే అక్కడ అధికారం ఒక్కరి చేతిలో ఉంటుంది. సూపర్వైజర్ల సంగతి వేరు. తొమ్మిది మందిలో ఒకరు, పైన ఎగ్జిక్యూటివ్, పక్కన ఎనిమిది మంది, గీతలు కమిషన్ చేతిలో. ఆ సీటుకి 12 ఏళ్ళ రూల్ తీసెయ్యాలని, కనీసం 20 ఏళ్ళు చెయ్యాలని మళ్ళీ బ్యాలెట్ మీద పెట్టాల్సిన టైమ్ ఇదే. ఒక ఆసుపత్రికి ఆరున్నర ఏళ్ళు, ఒక రైలుకి ఓటు దగ్గర్నుంచి పదేళ్ళు పట్టే చోట, మొదలుపెట్టినవాడే పూర్తయ్యేదాకా ఉండి జవాబు చెప్పాలి.

సెరిటోస్, ఆర్టీసియా, టొరన్స్ వైపు ఉండే మనవాళ్ళకి ఒక మాట, సిటిజెన్ షిప్ వచ్చి ఓటున్న వాళ్ళకి. సూపర్వైజర్ రేసు ముందు ప్రైమరీలో వస్తుంది, ప్రెసిడెంట్ ఎన్నిక లేని ఏళ్ళలో అది జూన్ లో ఉంటుంది. అక్కడ ఎవరికైనా సగానికి మించి ఓట్లు వస్తే రేసు అక్కడితో అయిపోతుంది, నవంబర్ బ్యాలెట్ మీద ఆ సీటే ఉండదు. నవంబర్ లో చూద్దాంలే అని జూన్ ఎన్నిక బ్యాలెట్ కవరు పక్కన పడేస్తే, ఆ సీటులో నాలుగేళ్ళు ఎవరుండాలో మిగతావాళ్ళే తేల్చేసి ఉంటారు.